పట్టు

వాక్లీలో ఆ వీధి ఎక్కడం కాదు, ఎగబాకడం.
నడిచేవాళ్ళకే గోడవెంట ఇనపకమ్మీ వేసినచోట
తొమ్మిది వందల పౌండ్ల పాత కారుతో నేను,
ముందొకటి వెనకొకటి ఎర్రటి ఎల్ అక్షరాలు,
పక్క సీట్లో బెరిల్.

ముప్పై ఏళ్ళు ఐస్‌క్రీమ్ వ్యాన్ నడిపిందావిడ
ఈ షెఫీల్డ్ గుట్టల మీద.
వీధికి నాలుగుసార్లు ఆగి నాలుగుసార్లు కదిలి,
ఒక్క కోన్ కూడా ఒరగనీకుండా.
నన్ను "నాన్" అంటుంది.
నాంచారమ్మ అనడానికి నోరు తిరగదు.
ఇక్కడ నాన్ అంటే అమ్మమ్మట.
డెబ్భై ఏళ్ళావిడకి
ముప్పై ఎనిమిదేళ్ళ అమ్మమ్మని.

మొదటివారం బండి గంగిరెద్దులా తలాడించింది.
రెండోవారం, ఎక్కడ ఆగిపోతుందో అని,
పైనుంచి దిగే వ్యానుకి దారిస్తూ
క్లచ్చి సగం, యాక్సిలరేటర్ సగం తొక్కి
వాలు మీద బండిని ఉట్టిలా వేలాడేశాను.
భలే నిలబెట్టాననుకున్నా.
అప్పుడొచ్చింది వాసన.
పడుగుకి పెట్టే గంజి అడుగంటితే
చీరాలలో మా వీధి చివరిదాకా పోయేదే,
అచ్చం అదే.
బెరిల్ కిటికీ దించింది.
"అదుగో, ఇరవై పౌండ్లు"
అంది, ముక్కుతోనే లెక్కగట్టి.
"వాలులో ఆపే పని హ్యాండ్‌బ్రేకుది.
ఒకళ్ళ పని ఇంకొకళ్ళ చేత చేయిస్తే
ఇద్దరూ చెడతారు."

బైటింగ్ పాయింట్ అంటుందావిడ.
బండి ఎక్కడో కొరుకుతుందట,
ఆ చోటు కాలికి తెలియాలట.
కొరుకుడు నా బుర్రకెక్కలేదు.
గుంటమగ్గంలో కాళ్ళు దించి కూచోబెట్టి
నాన్న చెప్పిందే గుర్తొచ్చింది:
"తొక్కుడుకర్రని తన్నమాకే. అడుగు.
పట్టు ఎక్కడుందో అదే చెబుద్ది."
మేం నేసింది నూలే.
మా ఇంట్లో పట్టు ఎప్పుడూ
కాలికిందే ఉండేది.

ఎడమ బూటు విప్పేశాను.
బెరిల్ చూసింది, ఏమీ అనలేదు.
నెమ్మదిగా వదిలాను.
ఇంజను గొంతు కాస్త దిగింది,
బానెట్టు వెంట్రుకవాసి లేచింది,
మడమలో సన్నటి వణుకు.
అక్కడ.
అక్కడ ఒక్క ఊపిరి ఆగి
బ్రేకు దించి, బండి కదిలాక
కాలు పూర్తిగా తీసి కిందపెట్టెయ్యాలి.
పని లేనప్పుడు క్లచ్చిమీద కాలుంచితే
"అదేం ముక్కాలిపీట కాదు" అంటుంది.

వీధి కొసన హెరాల్డ్ ఇల్లు.
పొద్దున్న ఏడింటికి ఆయన ఒళ్ళు తుడిచి
మేజోళ్ళు తొడిగి ఓట్సు జావ తాగించడం నా కొలువు.
బెరిల్ కింద కార్లోనే, పదకేళి పుస్తకంతో.
బస్సు డిపోలో నలభై ఏళ్ళు గేర్‌బాక్సులు విప్పిన మనిషి,
మంచం దిగలేడు,
చెవులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.
నేను గదిలో అడుగుపెట్టగానే
దుప్పటి మీంచి వేళ్ళు లేపేవాడు,
ఇంజను అరుపుకొకటి చొప్పున.
ఐదు. ఐదు. ఒకరోజు రెండు చేతులూ.
ఒకరోజు నాలుగున్నర, చిటికెనవేలు మడిచి.
"నీలాంటివాళ్ళే నాకు కూడుపెట్టింది" అనేవాడు,
తిట్టో మెప్పో తెలిసేది కాదు.

మార్చిలో ఒక బుధవారం, రోడ్డంతా తడి,
వెనక చెత్తలారీ నా డిక్కీని వాసన చూస్తూ.
ఆగాను. హ్యాండ్‌బ్రేకు.
మడమ చెప్పినదాకా కాచుకుని
కదిలాను.
ఎవరూ అరవలేదు, బండి గానీ నేను గానీ.
బెరిల్ పదకేళిలోంచి తలెత్తలేదు.
అంతకన్నా సర్టిఫికెట్టు ఏముంటుంది.

మెట్లెక్కి తలుపు తీశాను.
హెరాల్డ్ వేళ్ళు దుప్పటి మీద పడుకునే ఉన్నాయి.
గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు.
"ఏం, బండి చెడిందా? బస్సులో వచ్చావా?"

మేజోడు తిరగేసి
ఆయన కాలివేళ్ళకి తొడుగుతున్నాను.
అది మడమ దాటేదాకా
జవాబు చెప్పలేదు.